మోదుగాకు ఈనె

తెల్లవారక ముందే లేచి, మొహం కడుక్కుని, తూర్పుకు తిరిగి రెండు చేతులూ జోడించడం రూప్లికి చిన్ననాటి అలవాటు. మంత్రాలూ పద్యాలూ ఏమీ రావు ఆమెకు. "సేవాభాయా, చీమకూ దోమకూ, గొడ్డుకూ గోదకూ, ఊళ్ళోవాళ్ళకూ అడవిలోవాళ్ళకూ చల్లగుండాలె. ఆఖరుకు ఏమన్న మిగిల్తే నాకు," అనేది. ఆ పైన బోరింగు దగ్గరికి పోయి రెండు బిందెలు నీళ్ళు కొట్టుకొచ్చేది. మొదటి బిందె తన ఇంటికి కాదు, పక్కింటి సక్రి గుమ్మం ముందు దింపేది. సక్రి ముసలిది. చూపు పోయి ఏళ్ళయింది. బిందె చప్పుడు వినగానే లోపలి నుంచే మొదలుపెట్టేది.

"వచ్చినవా? చీమల పేర్లూ దోమల పేర్లూ అన్నీ చెప్పినవా నీ దేవునికి?"

"చెప్పిన."

"నీ పేరు ముందుగాల చెప్పవేందే? గాయన చెవులు అలిసినంక చెప్తే ఇంటడా?"

"ఇనకపోతే మానె. నాకేం కావాలె గనుక."

"అది గూడ నిజమే. పోయేటందుకు నీకాడ ఏమున్నదని," అని సక్రి బోసినోటితో నవ్వేది. ఆ నవ్వు వినకపోతే రూప్లికి పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు.

ఏన్కూరు దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద బస్సు దిగి, మిరప చేల గట్ల వెంబడి నడిస్తే వాళ్ళ తండా వస్తుంది. అన్న ఇంటిని ఆనుకుని రేకులు కప్పిన ఒంటిగది రూప్లిది. చలికాలంలో మిరపకాయ కోతకు, ఎండాకాలంలో తునికాకు ఏరడానికి, మధ్యలో దొరికిన కూలికి పోయేది. ఆమె పక్క సాలు దొరికితే ఆడవాళ్ళు సంతోషపడేవారు. పచ్చి బాలింత ఎవరైనా కోతకు వస్తే, ఆమె సాలులో సగం రూప్లే కోసేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు జరిగిపోయేది. ఎవరికైనా జ్వరం వస్తే జావ కాచి తాగించి, గిన్నె కడిగి బోర్లించి మరీ ఇంటికి వచ్చేది. అన్నిటికీ ముందుండే ఆ మనిషి, పెళ్ళిళ్ళలో పసుపు దంచే వేళకు మాత్రం తనంతట తానే లేచి, అవతల పొయ్యిల దగ్గర కట్టెలు సర్దుతూ కూర్చునేది. పొమ్మని ఎవరూ అనేవారు కాదు. రమ్మని కూడా ఎవరూ అనేవారు కాదు.

ఆ తండాలో రూప్లి అనే పేరు ఇద్దరికి ఉంది. ఒకామె కిరాణం రూప్లి, చిన్న కొట్టు నడిపేది. ఈమె విడాకుల రూప్లి. అందులో వెటకారం లేదు, గుర్తు కోసం అలా అనేవారు. చిన్నపిల్లలు కూడా, "విడాకుల రూప్లవ్వా, మా మేకపిల్ల గిటు వచ్చిందా?" అని అడిగేవారు. ఆమె కూడా చేసే పని ఆపి మేకపిల్లను వెతికి పెట్టేది.

ఇళ్ళల్లో లంబాడీ మాటే నడిచినా విడాకులు అనే ఆ ఒక్క మాట మాత్రం తెలుగులోనే పాతుకుపోయింది. దానికి కారణం ఉంది. ఆ చుట్టుపట్ల నాలుగైదు తండాల్లోనూ, వాళ్ళు వియ్యమందే మణుగూరు దిక్కునా పాత ఆచారం ఒకటి ఉండేది. మొగుడూ పెళ్ళాం ఇక కలిసి ఉండరని పెద్దలు తేల్చాక, తండాకు పెద్ద అయిన నాయక్ ఒక మోదుగాకు తెప్పిస్తాడు. తొడిమ మొగుడి చేతికి, కొస పెళ్ళాం చేతికి ఇస్తాడు. ఇద్దరూ ఒక్కసారే లాగాలి. రెక్క చిరిగితే చాలదు, నడుమ ఉన్న ఈనె తెగాలి. ఈనె తెగితేనే బంధం తెగినట్టు. అందుకే ఆకును ముందురోజే కోసి, ఇంటి చూరులో దోపి ఎండబెట్టేవారు. ఎండిన ఈనె పుటుక్కున విరుగుతుంది. అక్కడి నుంచి ఒకరి గడప ఒకరు దాటరు, ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగరు. ఈనె తెగకుండా ఇంకొకరిని చేసుకుంటే ఆ మనువు మనువే కాదనీ, ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు కుదరవనీ గట్టి నమ్మకం. విడిపోయేవాళ్ళు చింపుకునే ఆకులు గనుక విడాకులు. తండా పెద్దలను ఆ మాటకు అర్థం అడిగితే చెప్పేది అదే.

రూప్లిని మణుగూరు దిక్కు తండాలోని బిచ్యాకు ఇచ్చారు. బిచ్యా నెమ్మదైన మనిషి. నోట్లో నాలుక ఉందా అన్నట్టుండేవాడు. వాళ్ళకు కాన్పులైతే అయ్యాయి గానీ ఒక్క బిడ్డా నిలవలేదు. ఆఖరి బిడ్డను మట్టి చేసి వచ్చిన రోజు బిచ్యా వేడినీళ్ళు కాచి ఆమె కాళ్ళకు పోశాడు. ఆ తర్వాత అతని తల్లి పంచాయితీ పెట్టించింది. ఆమె కూడా గయ్యాళిది కాదు. రూప్లి రెండు చేతులూ పట్టుకుని, "నా వంశం నిలవాలె బిడ్డా, నన్ను తిట్టుకోకు," అని ఏడ్చింది. తిట్టే మనిషికైతే ఎదురు చెప్పవచ్చు. ఏడ్చే మనిషికి ఏమని చెప్పాలి?

అది శ్రావణం. ముసురు పట్టి ఉంది. ముందురోజే ఆకు కోసి పెట్టాల్సినవాడు ఆ వానలో మరిచిపోయాడు. పెద్దలందరూ కూర్చున్నాక గుర్తొచ్చి, పరుగున పోయి తడిసిన పచ్చి ఆకు తెచ్చాడు. నాయక్ మంగీలాల్‌కు అప్పటికి పడుచు వయసు, కొత్తగా పెద్దరికం వచ్చింది. ఇంతమందిని రేపు మళ్ళీ రమ్మనడం ఎందుకని ఆ ఆకే వాళ్ళ చేతుల్లో పెట్టాడు.

రూప్లి లాగలేదు. పట్టుకుంది, అంతే. బిచ్యా లాగాడు. కొస వైపు రెక్క చిరిగి ఆమె చేతిలోకి వచ్చింది. ఈనె మాత్రం తెగలేదు. పచ్చి నార జారినట్టు జారి, తొడిమతో పాటు నిండుగా బిచ్యా చేతిలోనే ఉండిపోయింది. అతను గుప్పిట మూశాడు.

"అయిందా?" అన్నాడు మంగీలాల్.

"అయింది," అన్నాడు బిచ్యా.

రూప్లి చూసింది. నోరు తెరవబోయింది. వానలో తడుస్తూ నిలబడ్డ అత్త మొహం కనబడింది. మూసుకుంది.

అన్న వెంట ఏన్కూరు వచ్చేసింది. కొన్నాళ్ళకు బిచ్యాకు మణుగూరు బొగ్గు గనిలో కొలువు దొరికిందనీ, సోని అనే పిల్లను చేసుకున్నాడనీ, కొడుకూ కూతురూ పుట్టారనీ కబుర్లు వచ్చాయి. ప్రతి కబురుకూ రూప్లి, "మంచిగుండనీ," అన్నది. కడుపులో ఒక్కటే ప్రశ్న మిగిలింది. ఎందుకు మూశాడు ఆ గుప్పిట? మళ్ళీ లాగాల్సి వస్తుందని భయపడ్డాడా, తెగనిదాన్ని తెగనట్టే దాచుకుందామనుకున్నాడా? అడగడానికి ఆ గడప దాటే వీలు లేదు. ఆ ఈనె సంగతి ఆమె సక్రికి కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

రెండు వేల ఆరో సంవత్సరం వానాకాలం, గోదావరి వరద తీసిన కొద్ది రోజులకు, ఒక పిల్లవాడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని, బురద గట్ల మీద తండాకు వచ్చాడు. సక్రి ఇంటి ముందు ఆగి అడిగాడు.

"అవ్వా, రూప్లి గారి ఇల్లు ఎక్కడ?"

"గారా!" అన్నది సక్రి. "మా తండాల గార్లు లేరు బిడ్డా. కిరాణం రూప్లి కావాల్నా, విడాకుల రూప్లి కావాల్నా?"

ఆ కుర్రవాడు తల దించుకున్నాడు. అప్పుడే బియ్యం చాటతో బయటికి వచ్చిన రూప్లి అతన్ని చూసి అలాగే నిలబడిపోయింది. ఆ నుదురు, పెదవి కరుచుకునే ఆ తీరు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేను జగదీష్‌ను, పెద్దమ్మా. బిచ్యా కొడుకును," అన్నాడు.

ఆమె ముందు నీళ్ళిచ్చింది. కాళ్ళు కడుక్కోమంది. రొట్టె, పచ్చిమిరపకాయల నూరుడు పెట్టింది. అతను తిన్నాక, "నాయిన బాగున్నడా?" అని అడిగింది.

బాగా లేడు. మూత్రపిండాలు చెడిపోయాయి. భద్రాచలంలో దవాఖానాలో ఉన్నాడు. ఇక ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టర్లు చెప్పారు. అలా చెప్పడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

"నువ్వున్నట్టే నాకు మొన్నటిదాకా తెల్వదు పెద్దమ్మా," అన్నాడు జగదీష్. అతను ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టరు. "క్లాసుల ఒక పిల్ల అడిగింది. సార్, మొగుడూ పెళ్ళాం ఇడిపోతే మధ్యల ఆకులెందుకు వచ్చినయ్ అని. నాకు తెల్వలే. మా హెడ్మాస్టరు వెంకటరామారావు గారిని అడిగిన. ఎనకట తాటాకు మీద రాసేటోళ్ళు గద, విడిపోయినట్టు రాసిచ్చిన ఆకు విడాకు అయి ఉంటదన్నరు. మంచిగనే ఉన్నదని, మా బాపుకు పొద్దు పోతదని మంచం కాడ కూసోని ఈ ముచ్చట చెప్పిన. ఆయన ఇని కండ్లు మూసుకున్నడు. తర్వాత, తాటాకు కాదురా, మోదుగాకు అన్నడు. అని ఏడ్సిండు. మా బాపు ఏడ్వంగ నేను చూసుడు అదే మొదలు."

ఆ హెడ్మాస్టరు చెప్పిందీ నిజమే కావచ్చు, తండా పెద్దలు చెప్పేదీ నిజమే కావచ్చు. రాత వచ్చినవాళ్ళు ఆకు మీద రాసుకున్నారు. రాత రానివాళ్ళు ఆకునే చింపుకున్నారు. రూప్లికి ఆ విచారమేమీ లేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"ఇంకేమన్నడు బిడ్డా?"

"ఈనె తెగలేదు, రూప్లి చేతి నీళ్ళు తాగి పోతనన్నడు. గదంటే ఏందో నాకు సమజ్ కాలే. మా అమ్మకు సమజ్ అయినట్టున్నది. గప్పటిసంది అన్నం తింటలేదు."

రూప్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు అట్లా, ఎవరి బిడ్డ నోటనో వచ్చింది. దాచుకుందామనే మూశాడు. సంతోషపడాలో, గుండె బాదుకోవాలో ఆమెకు తెలియలేదు.

అన్న ఒప్పుకోలేదు. "గిన్నేండ్లకు ఎందుకు పోవుడు? పోయినా గడప అవతల నిలబడు. లోపలికి పోతే రేపు మనకు మాటొస్తది," అన్నాడు. అంటూనే తన గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. వదిన రొట్టెలు మూట కట్టింది. సక్రి మాత్రం చేయి చాపి ఆమె మొహమంతా తడిమి, "పో. నేను రేపు నీళ్ళు ఎవరితోనన్న తెప్పించుకుంట," అన్నది. ఆ రోజు నవ్వలేదు.

కొత్తగూడెంలో బస్సు మారారు. సీట్లు లేవు. ఆమె మొహం చూసిన కండక్టరు, "ఏందమ్మా, దవాఖానా పనా?" అని అడిగి, తన సీటు చూపించి, తాను భద్రాచలం దాకా నిలబడే టికెట్లు కొట్టాడు. సారపాక దాటి వంతెన మీదికి ఎక్కగానే బస్సులో అందరూ గోదావరికి దండం పెట్టుకున్నారు. నీళ్ళు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. దూరంగా రామయ్య గుడి గోపురం కనబడింది. రూప్లి కూడా చేతులు జోడించింది. రోజూ పొద్దున పిలిచే దేవుడు వేరే పేరు గలవాడైనా, వినేది ఒక్కడే కదా అనుకుంది. "ఒక్క చెంచా నీళ్ళు. అంతే. ఇంకేం అడుగను," అంది మనసులో. అందరికన్నా ముందు తనకోసం అడగడం ఆమెకు అదే తొలిసారి.

దవాఖానా వరండాలో మనుషులు ఆమె కోసమే ఎదురు చూస్తున్నారు. మంగీలాల్ ఉన్నాడు, ఇప్పుడు తల నెరిసి, చేతికర్రతో. అతని పక్కన తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి, జూలూరుపాడు దిక్కువాడు. బిచ్యా కూతురు సువర్ణను అతని కొడుక్కు ఖాయం చేసుకున్నారు. దసరా దాటాక పెళ్ళి. సువర్ణ టిఫిన్ క్యారియర్ పట్టుకుని స్తంభం చాటున నిలబడి ఉంది. అచ్చం బిచ్యా పోలికే. పోయిన బిడ్డల్లో ఒకటి బతికుంటే ఇట్లాగే ఉండేదా అనిపించి, రూప్లి చూపు తిప్పుకుంది.

వార్డు తలుపు దగ్గర సోని అడ్డంగా నిలబడింది. అడ్డుపడాలని కాదు. తిండీ నిద్రా లేక తలుపు పట్టుకుని నిలబడింది.

"అక్కా, నేను నిన్ను పొమ్మంటలేను," అన్నది. "నీకు పుణ్యముంటది, నా మాట ఒక్కటి ఇను. ఆయన ఈనె తెగలే, తెగలే అని కలవరిస్తున్నడు. ఆ మాట గీ అన్న ఇన్నడు. గిప్పుడు నన్ను చూసే చూపే మారింది. నీది తెగకపోతే నేనెవరిని? నా పిల్లలెవరు?"

తెల్ల చొక్కా మనిషి ఇబ్బందిగా కదిలాడు. "నాకేం పట్టింపు లేదు చెల్లె. రేపు మా తండాల నలుగురు అడుగుతరు గద. పిల్లను ఇంటికి తెచ్చుకున్నంక ఒక మాట పడొద్దు. గందుకే నాయక్‌ను రమ్మన్న," అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఆడపిల్ల మొహం చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు.

మంగీలాల్ కర్ర మీద రెండు చేతులూ ఆన్చాడు. "రూప్లీ, ఆకు పచ్చిదని నాకు యాదికున్నది. ఈనె చూసింది మీరిద్దరే. ఆయనకు సోయి సక్కగ లేదు. ఇగ నువ్వే చెప్పాలె. తెగిందా, తెగలేదా?"

"ఒట్టేయించు కాకా," అన్నారు ఎవరో.

"ఒట్టెందుకు? ఈ మనిషి అబద్ధమాడదని నాలుగు తండాలకు ఎరుకే. ఈమె మాట చాలు," అన్నాడు మంగీలాల్.

తలుపు సందులోంచి మంచం కనబడుతోంది. దుప్పటి కింద కాళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి. మొహం ఇటే తిరిగి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో ఇక్కడికి తెలియడం లేదు. "రూప్లి వచ్చిందా?" అని ఒక గొంతు. అది ఆమెకు తెలిసిన గొంతు కాదు, ముసలి గొంతు. "నీళ్ళు..." అన్నది.

తెగలేదని చెప్తే ఆ గడప దాటవచ్చు. మంచం పట్టె మీద కూర్చుని, ఆ తలను చేతిలోకి తీసుకోవచ్చు. దేవుడు చూస్తుండగా నిజం చెప్పినట్టూ అవుతుంది. తెగిందని చెప్తే స్తంభం చాటున ఉన్న ఆ పిల్ల పెళ్ళి నిలుస్తుంది. ఆ కొడుకు రేపు బడిలో తలెత్తుకుని నిలబడతాడు. ఈ సోని, ఉద్యోగం చేసే మొగుడికి ఇన్నేళ్ళు అన్నం వండి, చంటిపిల్లల్ని పెంచి, ఉబ్బిన ఈ కాళ్ళు పట్టిన సోని, ఉత్త మనిషి కాకుండా ఉంటుంది. వీళ్ళలో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు వాన పడింది. ఆకు తడిసింది. అంతే.

రూప్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"తెగింది కాకా," అన్నది.

"సక్కగ చెప్పు."

"తెగింది. నేను చూసిన. ఆయనకు పెయ్యి బాగలేక ఏదో అంటున్నడు."

సోని తలుపు పట్టుకున్న చేయి వదిలి, కిందికి కూలబడి భోరుమంది. తెల్ల చొక్కా మనిషి రెండు చేతులూ ఎత్తి రూప్లికి దండం పెట్టాడు. మంగీలాల్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థమయిందనే అనిపించింది. కానీ అర్థమయినా చేయగలిగింది ఏముంది?

"మరి గడప దాటకు తల్లీ," అన్నాడు మెల్లగా.

"దాటను."

లోపల నుంచి మళ్ళీ "నీళ్ళు" అన్న గొంతు వచ్చింది. జగదీష్ తల్లిని లేవదీసి లోపలికి తీసుకుపోయాడు. "అమ్మ చేత్తో తాగు బాపూ," అంటున్నాడు. ఆయన తల అటు తిప్పుకున్నట్టుంది, చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినబడింది.

రూప్లి వరండా చివరకు పోయి నేల మీద కూర్చుంది. వార్డులో పని చేసే ఆయమ్మ పద్మావతమ్మ ఇదంతా చూసింది. ఎవరూ అడగకుండానే ఒక గోనెపట్టా తెచ్చి పరిచి, "తడి నేలమ్మా, దీని మీద కూసో. నడుములు పట్టుకుంటయ్," అన్నది. కాసేపటికి స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. "తాగు. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొద్దో నాకు తెల్వదు గానీ, ఇది మాత్రం నా చేతిది," అన్నది. రూప్లి తాగింది. చేసిన పాపానికి దేవుడిని ఏమని అడగాలో ఆమెకు తెలియలేదు. క్షమించమంటే మళ్ళీ మాట మారుస్తావా అని అడుగుతాడు. మార్చడం తన వల్ల కాదు. అందుకని ఏమీ అడగకుండా ఊరికే కూర్చుంది.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సాయంత్రం ముసురు మళ్ళీ మొదలైంది. సోని బయటికి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. వంగి రూప్లి కాళ్ళు పట్టుకోబోయింది. రూప్లి ఆమె చేతులు పట్టుకుని ఆపింది.

"నీళ్ళు తాగిండా?"

"లేదక్కా. పండ్లు బిగబట్టిండు. నీ పేరే అంటున్నడు. నన్నేం చెయ్యమంటవ్ చెప్పు."

రూప్లి గోడ వైపు చూసింది. బిచ్యా మంచం తల దిక్కున ఒక కిటికీ ఉంది, వాన పడుతుందని రెక్కలు మూసి ఉన్నాయి.

"చెల్లె," అన్నది. "నేను గా కిటికీ కింద, బయట కూసుంట. లోపలికి చూడను. గోడ ఇవతల్నే ఉంట. నువ్వు ఆయన నోట్ల నీళ్ళు పోసేటప్పుడు గా రెక్క జర తెరిచి పట్టు. తాగమని నేను ఒక్క మాట అంట. నా మాట ఇంటే నీ చేతి నీళ్ళు తాగుతడు. గంత మటుకు చెయ్యి, నీకు దండం పెడ్త."